గునాహ్ వేరు, జుర్మ్ వేరు

ఈ వ్యాసం రాస్తున్నానంటే ఇద్దరు మిత్రులు వద్దన్నారు.

ఒకాయన మావాడే. జుమ్మా నమాజు అయ్యాక మసీదు మెట్ల మీదే చెయ్యి పట్టుకున్నాడు. "మనకున్న బద్నామీ చాలదా భాయ్? టెర్రరిస్టులన్నారు, నాలుగు పెళ్లిళ్లన్నారు, పాకిస్తాన్ పొమ్మన్నారు. ఇప్పుడు మగాడు మగాణ్ణి పెళ్లి చేసుకునే గొడవ కూడా మన నెత్తికి ఎత్తుతావా?" అన్నాడు. రెండో ఆయన పాత కామ్రేడ్. టీ తాగుతూ నవ్వాడు. "రాయి, మంచిదే. కానీ ముందు మీవాళ్లని మార్చుకో. ఇలాంటి విషయం వస్తే మీలోంచి ఒక్క గొంతు కూడా వినపడదేం?" అన్నాడు.

ఒకాయన నోరు మూసుకోమన్నాడు. ఇంకొకాయన బోనెక్కి కౌమ్ మొత్తం తరఫున జవాబు చెప్పమన్నాడు. నోరు మూసుకోను. బోనెక్కను. నాకు తోచింది చెప్తాను. మొదట ఒక చర్చిలో జరిగిన సంగతి చెప్తాను. ఆ తర్వాత మనలోకి వస్తాను.

2001 జనవరి 14, ఆదివారం. కెనడాలో టొరంటో నగరం. అక్కడి మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చిలో ఆ రోజు రెండు పెళ్లిళ్లు. ఒక జంటలో ఇద్దరూ మగవాళ్లు. ఇంకో జంటలో ఇద్దరూ ఆడవాళ్లు. పెళ్లి జరిపించే పాస్టరు బ్రెంట్ హాక్స్. చంపుతామని బెదిరింపులు రావడంతో ఆయన అంగీ లోపల బుల్లెట్ దిగని జాకెట్ తొడుక్కుని వేదిక ఎక్కాడు. ఊహించుకోండి. నిఖా చదివే ఖాజీ సాబ్ షేర్వానీ లోపల అలాంటిది వేసుకుని వచ్చాడనుకోండి. ఆ సంఘం ఎంత భయంతో, ఎంత మొండిగా అక్కడ కూర్చుందో తెలుస్తుంది.

ఆ చర్చి ఎలా పుట్టిందో కూడా తెలియాలి. ట్రాయ్ పెర్రీ అనే పెంతెకొస్తు పాస్టరు. స్వలింగ ప్రేమికుడని తెలిశాక సంఘంలో ఆయనకి చోటు లేకుండా పోయింది. 1968 అక్టోబరు 6న లాస్ ఏంజెలెస్ దగ్గర తన ఇంట్లోనే ప్రార్థన పెట్టాడు. వచ్చింది పన్నెండు మంది. దేవుడు వద్దనుకున్నవాళ్లు కాదు వాళ్లు. దేవుడు కావాలని, దేవుడి ఇంట్లో చోటు దొరకని వాళ్లు. అయిదేళ్లు తిరక్కముందే, 1973 జూన్ 24న, న్యూ ఆర్లియన్స్‌లో వాళ్లు ఆదివారం ప్రార్థన తర్వాత కలుసుకునే ఒక బార్‌కి ఎవరో నిప్పు పెట్టారు. 32 మంది చనిపోయారు. అందులో ఆ ఊరి సంఘం పాస్టరూ ఉన్నాడు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన పెట్టుకోవడానికి చాలా చర్చిలు తలుపు తెరవలేదు. చచ్చాక కూడా జాగా దొరక్కపోవడం అంటే ఏమిటో, ఖబ్రస్తాన్ల గోడల కోసం కోర్టుల చుట్టూ తిరిగే మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

టొరంటో సంఘమూ తేలిగ్గా ఆ ఆదివారానికి చేరలేదు. 1981 ఫిబ్రవరిలో పోలీసులు ఒకే రాత్రి ఆ నగరంలో మగవాళ్లు కలుసుకునే స్నానశాలల మీద పడి సుమారు 300 మందిని పట్టుకుపోయారు. విచారణ జరిపించమని ఇదే హాక్స్ 25 రోజులు నిరాహార దీక్ష చేశాడు. దీక్ష అంటే ఏమిటో తెలుగువాళ్లకి వివరించాల్సిన పనిలేదు.

ఇక అసలు సంగతి. నగర కార్యాలయం వాళ్లకి పెళ్లి లైసెన్సు ఇవ్వలేదు. అప్పుడు ఆ చర్చి ఒక పాత ఆచారాన్ని బయటికి తీసింది.

మా ఇంటి వెనక క్రైస్తవుల వాడ ఉండేది. ఆదివారం పొద్దున మైకులో పాస్టరుగారు చదివేవారు. పలానా వారి అబ్బాయికీ పలానా వారి అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. వరసగా మూడు ఆదివారాలు చదివేవారు. ఎవరూ ఏమీ అనకపోతే పెళ్లే. ఒంటారియో రాష్ట్ర చట్టం ప్రకారం చర్చిలో ఇలా ప్రకటన చదివితే నగర కార్యాలయం లైసెన్సు లేకపోయినా ఆ పెళ్లి చెల్లుతుంది. కొత్త చట్టం రాసే దాకా హాక్స్ ఆగలేదు. ఉన్న చట్టంలో, తన మతంలో, వందల ఏళ్లుగా ఉన్న తలుపునే తోశాడు. 2000 డిసెంబరులో ప్రకటనలు చదివాడు. జనవరిలో పెళ్లిళ్లు చేశాడు. రిజిస్టరులో సంతకాలు పెట్టించి ప్రభుత్వానికి పంపాడు.

ప్రభుత్వం ఆ పెళ్లిళ్లు నమోదు చేయనంది. చర్చి కోర్టుకి వెళ్లింది. లైసెన్సు దొరకని మరికొన్ని జంటలూ అప్పటికే కోర్టులో ఉన్నాయి. అవతలి పక్షంలో ఎవరున్నారు? ప్రభుత్వం ఉంది. ఇవాంజెలికల్, కేథలిక్ సంస్థలున్నాయి. వాళ్ల పక్కన ఒక ముస్లిం సంస్థ కూడా ఉంది. ఇటు పక్క ఉదారవాద యూదు రబ్బీలు కొందరు నిలబడ్డారు. 2003 జూన్ 10న ఒంటారియో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. స్త్రీపురుషులకే పెళ్లి అనే నిర్వచనం సమానత్వ హక్కుకి విరుద్ధం అంది. జనవరి 14 నాటి రెండు పెళ్లిళ్లనీ నమోదు చేయమంది. అలా ఆ రెండు పెళ్లిళ్ల తేదీ నెదర్లాండ్స్ చట్టం కన్నా ముందుదైంది. ప్రపంచంలో మొదటిగా చెప్పే ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2001 ఏప్రిల్‌లో.

ఆ తీర్పులో మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మా పెళ్లి నమోదు చేయకపోవడం మా మత స్వేచ్ఛని కాలరాయడమే అని కూడా ఆ చర్చి వాదించింది. కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇక్కడ విషయం మతం కాదు, చట్టం గుర్తించే పెళ్లి అంది. అంటే చర్చి గెలిచింది చర్చిగా కాదు, సమాన పౌరులుగా. 2005 జూలై 20న దేశమంతటికీ చట్టం వచ్చింది. తమ విశ్వాసానికి విరుద్ధమైన పెళ్లి జరిపించనని చెప్పే స్వేచ్ఛ మతాధికారులకి ఉందని ఆ చట్టంలోనే రాసి ఉంది. పాస్టరు చేస్తానంటే చేయొచ్చు. ఇమాము చేయనంటే మానొచ్చు. ఎవరి గుమ్మం వాళ్లదే.

మా మసీదు మెట్ల మీది మిత్రుడికి నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. భాయ్, గునాహ్ వేరు, జుర్మ్ వేరు. పాపం అల్లాకీ బందాకీ మధ్య లెక్క. నేరం రాజ్యానికీ పౌరుడికీ మధ్య లెక్క. ఈ రెంటినీ కలిపితే మొదట నలిగేది ఎవరు? మనమే.

వడ్డీ మనకి హరామ్. ఖురాన్‌లో అంత గట్టిగా చెప్పినవి చాలా తక్కువ. మరి రిజర్వు బ్యాంకు మూసేయమని ఏ జమాతైనా సుప్రీంకోర్టుకి వెళ్లిందా? సారా హరామ్. ఊరూరా వైన్ షాపులున్నాయి. మన పిల్లల్ని తాగొద్దంటాం గానీ, తాగేవాడి పెళ్లి చెల్లదని కేసు వేశామా? ఆడవాళ్లకి మెహర్ ఇవ్వాల్సింది పోయి లక్షలకి లక్షలు జోడేకీ రఖమ్ గుంజుతున్నామే, అది ఏ గునాహ్? దాని మీద ఏ బోర్డు ఏ కోర్టుకెక్కింది? ఇద్దరు మనుషులు కలిసి బతుకుతామంటే మాత్రం వకీళ్లని పెట్టుకుని ఢిల్లీ దాకా ఎందుకు పరిగెత్తాం?

ఇంకొక మాట. గొడ్డు మాంసం తినడం వాళ్లలో కొందరికి పాపం. వాళ్ల పాపాన్ని చట్టంలోకి ఎక్కించి మనకి నేరం చేశారు. 2015లో మహారాష్ట్రలో ఎద్దుల్ని కొయ్యడం కూడా నిషేధించారు. కసాయి గల్లీల్లో ఖురేషీలు వీధిన పడ్డారు. అదే ఏడాది సెప్టెంబరులో దాద్రీలో ఫ్రిజ్‌లో ఏ మాంసం ఉందో అన్న అనుమానంతోనే ఒక మనిషిని ఇంట్లోంచి ఈడ్చి చంపారు. అప్పుడు మనం ఏమన్నాం? మీకు పాపమైతే మీరు తినకండి, నా పళ్లెంలోకి ఎందుకు తొంగి చూస్తారు అన్నాం. సరిగ్గానే అన్నాం. ఆ మాట పళ్లేనికి వర్తించి పడగ్గదికి వర్తించదా?

లూత్ అలైహిస్సలాం కథ నాకు గుర్తు చేస్తారని తెలుసు. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వను. ఆ కథలోని నేరం అతిథుల మీద బలాత్కారమే అని రాసిన ముస్లిం పండితులున్నారు. స్కాట్ సిరాజుల్ హఖ్ కూగుల్ 2010లో దీని మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఉలేమాల్లో ఎక్కువ మంది ఆ వాదన ఒప్పుకోరని కూడా నాకు తెలుసు. ఒప్పుకోకండి. గునాహ్ అనే అనండి, మింబర్ మీద నుంచే చెప్పండి. అది మీ హక్కు. నేను అడిగేది వేరు. మీ గునాహ్‌ని సర్కారు చేతికి లాఠీగా ఎందుకిస్తున్నారు?

ఇచ్చాం కాబట్టే అడుగుతున్నా. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే అది నేరం కాదంది. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లిన వాళ్ల పట్టిక చూడండి. ఒక జ్యోతిష్కుడు. బాబా రాందేవ్ మనిషి. కొన్ని క్రైస్తవ సంఘాలు. క్రాంతికారీ మనువాదీ మోర్చా అని పేరులోనే మనువుని మోస్తున్న పార్టీ. వాళ్ల పక్కనే మన ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు! బతుకంతా మనువాదానికి దూరంగా ఉన్నామని చెప్పుకునే మనం ఒకే బెంచీ మీద మనువాదీ మోర్చాతో భుజం కలిపి కూర్చున్నాం. 2013 డిసెంబరు 11న ఆ పక్షం గెలిచింది. ఇంగ్లీషువాడు 1860లో రాసిన 377 మళ్లీ బతికింది. అది చావడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది.

2023లో మళ్లీ అదే తంతు. పెళ్లిని గుర్తించమని కోర్టుకెక్కిన వాళ్లలో ముందున్నది మన హైదరాబాదులో కాపురముంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. తీర్పుకి పేరు కూడా సుప్రియో పేరే. వాళ్లు నిఖా అడగలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో చోటడిగారు. వ్యక్తిగత చట్టాల జోలికి పోమని ధర్మాసనం విచారణ మొదటిరోజే చెప్పింది. భర్త, భార్య, వాళ్ల పిల్లలు, ఇదే భారతీయ కుటుంబం అని కేంద్ర ప్రభుత్వం అఫిడవిట్ వేసింది. మన వ్యక్తిగత చట్టాన్ని వెనకబాటుతనమని తిట్టే ప్రభుత్వం, 2019లో తలాక్ అన్న మగాణ్ణి మూడేళ్లు జైల్లో పెట్టే చట్టం తెచ్చిన ప్రభుత్వం అది. ఆ ప్రభుత్వ వాదనకి వత్తాసుగా జమియతుల్ ఉలేమా-ఎ-హింద్ కోర్టుకి వెళ్లింది. అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. 2025 జనవరిలో పునఃపరిశీలన పిటిషన్లు కూడా కొట్టేశారు.

సంతోషించాల్సిందేముంది ఇందులో? ఏది భారతీయ కుటుంబమో చెప్పే హక్కు సర్కారుకుందని మనమే ఒప్పుకున్నాం. రేపు అదే సర్కారు మన కుటుంబం భారతీయం కాదంటే ఏ మొహం పెట్టుకుని వాదిస్తాం? ఉత్తరాఖండ్‌లో 2025 జనవరిలో ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకి వచ్చింది. రేపటి మాట కూడా కాదు అది, నిన్నటి మాట. మెజారిటీ నీతి చట్టం కాకూడదు అన్న ఒక్క సూత్రం మీద మైనారిటీ బతుకు ఆధారపడి ఉంది. ఆ కొమ్మ మీద కూర్చుని దాన్నే నరుక్కుంటున్నాం.

ఇప్పుడు కామ్రేడ్‌కి.

అన్నా, మాలోంచి ఒక్క గొంతు లేదన్నావు. దక్షిణాఫ్రికాలో ముహ్సిన్ హెండ్రిక్స్ అనే ఇమాము ఉండేవాడు. తాను స్వలింగ ప్రేమికుణ్ణని బహిరంగంగా చెప్పి, అలాంటి ముస్లింల కోసం మసీదు నడిపాడు. 2025 ఫిబ్రవరి 15న కారులో ఉండగా కాల్చి చంపారు. బుల్లెట్ దిగని జాకెట్ ఆయనకి లేదు. టొరంటోలో 'సలాం' పేరుతో ముస్లిం స్వలింగ ప్రేమికుల సంఘం 1991లోనే పుట్టింది. అంటే ఆ చర్చి పెళ్లిళ్లకి పదేళ్ల ముందు. గొంతులున్నాయి. మీ చెవులు మా టోపీల దగ్గరే ఆగిపోతాయి.

ఇంకొకటి అడుగుతా. టొరంటోలో చర్చి ప్రకటన పెళ్లికి తలుపు తీసింది. మన ప్రత్యేక వివాహ చట్టంలోనూ అలాంటి ప్రకటనే ఉంది. ముప్ఫై రోజులు నోటీసు బోర్డు మీద పేర్లు, అడ్రసులు పెట్టాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు రావచ్చు. ఒక పేరు ముస్లింది, ఇంకొకటి హిందువుది అయితే ఎవరొస్తారో నీకు తెలుసు. కర్రలు పట్టుకుని వస్తారు. కేరళలో హదియా ఇస్లాం తీసుకుని ముస్లింని పెళ్లి చేసుకుంటే 2017 మేలో హైకోర్టు ఆ పెళ్లినే రద్దు చేసి, చదువుకున్న పెద్దమనిషిని చిన్నపిల్లలా తండ్రి చేతికి అప్పగించింది. 2018 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ పెళ్లి నిలబెట్టే దాకా ఆమె తన మొగుడి కోసం పోరాడింది. అప్పుడు నువ్వు ఏమన్నావో నాకు గుర్తుంది. "మతం మారకుండా ఉంటే బాగుండేది" అన్నావు. ఎవరిని ప్రేమించాలో మనిషి ఇష్టం అనే నీ సిద్ధాంతం బురఖా కనపడగానే ఎటు పోయింది?

ఇద్దరు మగవాళ్ల ప్రేమకి చప్పట్లు కొట్టి, ముస్లిం కుర్రాడి ప్రేమని లవ్ జిహాద్ అంటే మౌనంగా ఉండే సెక్యులరిజం నాకొద్దు. మమ్మల్ని కొట్టడానికి వాళ్లని కర్రగా వాడకండి. వాళ్లకీ అది మర్యాద కాదు.

నేను హైదరాబాదులో ఇల్లు వెతుక్కున్న రోజుల్లో గది నచ్చి, అడ్వాన్సు మాట్లాడుకున్నాక పేరు చెప్తే ఓనరు మొహం మారేది. "ఫ్యామిలీలకే ఇస్తామండీ" అనేవాడు. నా వెనకే నా బీవీ, పిల్ల నిలబడి ఉండేవాళ్లు. ఆ మాట ఇవాళ ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు వెళ్లినా అంటారు. మమ్మల్ని ఫ్యామిలీ కాదన్న నోరే వాళ్లనీ కాదంటోంది. ఆ గుమ్మం ముందు నిలబడినవాణ్ణి గనుక నేను వాళ్ల పక్కకి వెళ్తున్నాను.

చివరగా మన ఇళ్లలోకి వస్తాను. ఇది అమెరికా జబ్బు, కెనడా జబ్బు, మనలో లేదు అంటారు.

మా చుట్టాల్లో ఒక అబ్బాయి. పేరెందుకు. నెమ్మదైనవాడు, బాగా చదివేవాడు. వాడి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. "షాదీ చేస్తే అంతా సర్దుకుంటుంది" అన్నారు. పేదింటి పిల్లని తెచ్చి నిఖా చేశారు. వలీమాకి నేనూ వెళ్లాను, బిర్యానీ తిన్నాను, దువా చేశాను. ఎనిమిది నెలలకి ఆ పిల్ల పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమెలోనే ఏదో లోపం ఉందని బిరాదరీ అంతా చెప్పుకుంది. వాడు దుబాయ్ వెళ్లిపోయాడు. ఈద్‌కి కూడా రాడు. డబ్బు పంపుతాడు. మా ఖాలా ఫోనులో వాణ్ణి ఒకటే అడుగుతుంది: "నమాజు చదువుతున్నావా బేటా?" చదువుతున్నానంటాడు. నిజంగానే చదువుతాడు, నాకు తెలుసు.

అసలు గునాహ్ ఎవరిది చెప్పండి. వాడిదా? ఏమీ తెలియని ఆ ఆడపిల్లని కబూల్ హై అనిపించిన మనందరిదా? నిఖా అంటే ఇద్దరూ తెలిసి, ఇష్టపడి ఒప్పుకునే ఒప్పందం. ఆ ఒప్పందంలో మొదటి అబద్ధం మనం ఆడాం. వాడిలాంటి వాళ్లు తమ దారిన తాము బతికే వీలుంటే ఆ పిల్ల బతుకు కూడా నిలిచేది. స్త్రీల హక్కుల గురించి రాసే మా అక్కలు ఈ వైపు నుంచి కూడా ఆలోచించాలి.

2017 జనవరి 29న కెనడాలోనే క్యుబెక్ నగరం మసీదులో ఒకడు తుపాకీతో నమాజీల మీద కాల్పులు జరిపాడు. ఆరుగురు చనిపోయారు. ఆ వారం జుమ్మాకి టొరంటోలో యూదులు, క్రైస్తవులు వచ్చి మసీదుల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. లోపల నమాజు జరిగింది. ముందు మీ షరియత్‌లో మాకు నచ్చనివి మార్చుకోండి, తర్వాత నిలబడతాం అని ఎవరూ షరతు పెట్టలేదు. మనం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు షరతులు ఎందుకు?

అందుకే నా కౌమ్‌ని పెద్ద కోరికలేమీ కోరను. మసీదులో వాళ్ల పెళ్లి చేయమనను. మింబర్ మీద మాట మార్చమనను. వాళ్ల కేసు మళ్లీ కోర్టుకి వచ్చిన రోజు బోర్డు, జమియత్ వకీళ్లు అవతలి బెంచీ మీద కూర్చోవద్దు. అంతే. మన కొడుకునో కూతుర్నో అబద్ధపు నిఖాలోకి తోసి ఇంకో ఇంటి బిడ్డ గొంతు కోయవద్దు. ఇంటికొస్తే తలుపు తీయండి. ఈద్‌కి సేమియా పెట్టండి.

ఆ చర్చిలో మూడు ఆదివారాలు సంఘం ముందు అడిగారు, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. ఇంత దూరం నుంచి, ఇంత ఆలస్యంగా, ఒక తెలుగు ముస్లింగా నా జవాబు రాసుకోండి. నాకు లేదు.